వేసవి సెలవులకు సామాను గది: రిచర్డ్‌సన్‌లో మూడు నెలల అనుభవం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న రిచర్డ్‌సన్‌లో, మేము చదువుకునే విశ్వవిద్యాలయానికి సుమారు మూడు మైళ్ల దూరంలో, 2025 మే 28న మేము ఒక స్టోరేజీ యూనిట్, అంటే సామాను దాచుకునే గది, అద్దెకు తీసుకొని ఆగస్టు 19న ఖాళీ చేశాం. స్ప్రింగ్ సెమిస్టర్ ముగిసి, ఇంటి లీజు తీరి, సామాను ఎక్కడ పెట్టాలో తోచని స్థితిలోకి ఏటా మే నెలలో మన పిల్లలు ఎందరో వస్తారు. వాళ్లలో కొందరికైనా పనికివస్తుందని ఈ సమీక్షను వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు ఉద్దేశపూర్వకంగానే రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే ఇబ్బందుల్లో చాలా భాగం ఆ వ్యాపారం నడిచే తీరులోనే ఉన్నాయని నా అభిప్రాయం.

మేము నలుగురం అమ్మాయిలం రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో ఏడాదిపాటు కలిసి ఉన్నాం. ఆ లీజు మే 31తో ముగిసింది. కొత్త లీజు ఆగస్టు 19 నుంచి మాత్రమే దొరికింది. మధ్యనున్న రెండున్నర నెలలకు పాత ఇంటినే అట్టిపెట్టుకుంటే, నెలకు 1,700 డాలర్ల చొప్పున, దాదాపు ఖాళీగా ఉండే ఇంటికి నాలుగు వేల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చేది. నేను ఖమ్మంలోని మా ఇంటికి వెళ్లాలని ముందే నిశ్చయించుకున్నాను. వరంగల్ అమ్మాయికి సియాటిల్‌లో వేసవి ఇంటర్న్‌షిప్ వచ్చి, ఆమె ఐ-20 (విదేశీ విద్యార్థికి విశ్వవిద్యాలయం ఇచ్చే అర్హత పత్రం) మీద సీపీటీ, అంటే చదువుతుండగానే ఇంటర్న్‌షిప్ చేసే అనుమతి, నమోదైంది. కాకినాడ అమ్మాయి కూడా ఇంటికి వెళ్లాలనే అనుకుంది గాని, ఆ ఏప్రిల్‌లో దేశమంతటా వేలమంది విదేశీ విద్యార్థులకు సెవిస్‌లో, అంటే వాళ్ల వివరాలు ఉండే ప్రభుత్వ వ్యవస్థలో, రికార్డులు రద్దు కావడం, నెలాఖరుకు వాటిని పునరుద్ధరిస్తామని ప్రభుత్వం ప్రకటించడం చూసిన తరువాత, దేశం దాటి వెళ్లి తిరిగి రావడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించకూడని క్యాంపస్ ఉద్యోగాన్ని సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు గనుక, ఆమె ఒక సీనియర్ అక్క ఇంటి హాలులో సర్దుకొని అక్కడే ఉండిపోయింది. గుంటూరు అమ్మాయికి డిగ్రీ పూర్తయింది. ఓపీటీకి, అంటే చదువు ముగిశాక కొంతకాలం పనిచేసే అనుమతికి, దరఖాస్తు చేసి, ఆ కార్డు కోసం ఎదురుచూస్తూ, న్యూజెర్సీలోని బాబాయిగారి ఇంటికి ప్రయాణమైంది. నలుగురివీ నాలుగు దారులు అయినప్పటికీ, పరుపులూ బల్లలూ వంటపాత్రలూ మాత్రం ఒకే చోట ఉండవలసి వచ్చింది.

సామానంతా అమ్మేసి ఆగస్టులో మళ్లీ కొనుక్కుంటే పోదా అని మాకు చాలామంది సలహా ఇచ్చారు. లెక్క వేసి చూస్తే అది మాకు గిట్టుబాటు కాలేదు. మే నెలలో వాట్సాప్ గ్రూపుల నిండా అమ్మేవారే ఉంటారు. నలభై డాలర్లకు పెట్టిన బల్లను చివరికి ఊరికే తీసుకుపొమ్మన్నా అడిగేవారు ఉండరు. ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగగానే అందరూ కొనేవారే కావడంతో అదే బల్లకు అరవై పలుకుతుంది. మా మూడు పరుపులు, రెండు చదువు బల్లలు, మూడు కుర్చీలు మళ్లీ కొత్తవి కొంటే ఏడు వందల డాలర్లు దాటుతుంది. తెలిసినవారి ఇళ్లలో పెడదామంటే, వాళ్ల ఇళ్లలోనూ హాలులో ఇద్దరేసి పడుకుంటున్నారు.

గది పరిమాణం విషయంలో మా ఎంపిక సరైనదే అయింది. ఈ సంస్థల్లో గదులను అడుగుల్లో చెబుతారు. అయిదు అడుగుల చదరపు గది, అయిదు అడుగుల వెడల్పూ పది అడుగుల పొడవూ ఉన్న గది, పదేసి అడుగుల గది అన్నవి విద్యార్థులకు అందుబాటులో ఉండే మూడు రకాలు. మేము రెండో రకం తీసుకున్నాం. పరుపులను గోడవారగా నిలబెట్టి, బల్లల కాళ్లు విప్పి, పద్నాలుగు అట్టపెట్టెలను ఒకదానిమీద ఒకటి పేర్చిన తరువాత కూడా ఒక మనిషి లోపలికి వెళ్లి రావడానికి సందు మిగిలింది. ఆ సందు వదలడం చాలా అవసరమని తరువాత తెలిసివచ్చింది.

అంతకంటే ముఖ్యమైన నిర్ణయం ఏసీ ఉన్న గదిని ఎంచుకోవడం. నేరుగా బయటికి తెరుచుకునే ఇనుప షట్టర్ల గదులు నెలకు పదిహేను డాలర్లు తక్కువకే దొరికాయి. ట్రక్కును గుమ్మం ముందే ఆపి సామాను దించుకోవచ్చు గనుక శ్రమ కూడా తక్కువే. కాని ఉత్తర టెక్సస్‌లో జూలై, ఆగస్టు నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచుగా 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 38 డిగ్రీల సెల్సియస్, దాటుతుంది. గాలి ఆడని రేకుల గదిలో అది ఇంకా ఎక్కువగా ఉంటుంది. రామగుండం, కొత్తగూడెం ఎండలు చూసిన మాకు మూసిపెట్టిన రేకుల షెడ్డు ఎలా కాగుతుందో ఒకరు చెప్పనక్కరలేదు. ఫోమ్ పరుపులు, మానిటర్, ప్రింటర్ ఉన్నవారు ఆ పదిహేను డాలర్లకు వెనుకాడవద్దని గట్టిగా చెబుతాను.

ఇక ధర విషయానికి వస్తే, నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. వెబ్‌సైటులో కనిపించిన అద్దె నెలకు 59 డాలర్లు, మొదటి నెల సగం మాత్రమే. అంటే మొదటి రోజు ముప్ఫై డాలర్ల లోపు చెల్లిస్తే సరిపోతుందని అనుకొని వెళ్లాం. కార్యాలయంలో కూర్చున్న తరువాత సగం నెల అద్దె 29.50కి తోడు నమోదు రుసుము 25, తప్పనిసరి బీమా నెలకు 12, వాళ్లు అనుమతించే గుండ్రని తాళం పన్నుతో కలిపి 17 అయ్యాయి. ఆ రోజు కట్టినది 83.50 డాలర్లు. ఇందులో ఏ ఒక్కటీ అబద్ధం చెప్పి వసూలు చేసినది కాదు, ప్రతి అంశమూ ఒప్పందంలో రాసి ఉంది. అయినప్పటికీ ఎంచుకునే వేళ కంటికి కనబడే అంకె ఒకటి, సామానంతా ట్రక్కులో ఎక్కించుకొని వచ్చిన తరువాత వినబడే అంకె మరొకటి కావడం న్యాయంగా అనిపించలేదు. గంటకు 11 డాలర్లకు లైబ్రరీలో పనిచేసే మాకు ఆ తేడా అయిదు గంటల పని. సొంత బీమా పత్రం చూపిస్తే ఆ 12 డాలర్లు కట్టనక్కరలేదని అక్కడే చెప్పారు గాని, మా రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దె ఇంట్లోని సామానుకు తీసుకునే బీమా) లీజుతో పాటే ముగిసిపోతోంది. తాళాన్ని మాత్రం బయటి హార్డ్‌వేర్ దుకాణంలో ముందే కొనుక్కుంటే కొంత మిగిలేది.

రెండో నెల 71 డాలర్లు కట్టాం. జూన్ 25న నాకు ఒక ఈమెయిల్ వచ్చింది. జూలై 28 నుంచి అద్దె 59 కాదు, 76 డాలర్లని అందులో ఉంది. మొదట తక్కువ ధరకు చేర్చుకొని, రెండు మూడు నెలలు తిరిగేసరికి పెంచడం ఈ వ్యాపారంలో మామూలేనని మా సీనియర్లు తరువాత చెప్పారు. నెలవారీ ఒప్పందం గనుక పెంచే హక్కు వాళ్లకు ఉంది, ఖాళీ చేసే హక్కు మనకు ఉంది. అయితే మనం ఖమ్మంలోనూ సియాటిల్‌లోనూ ఉన్నప్పుడు ఆ రెండో హక్కు కాగితం మీదే ఉంటుంది. మూడో నెల బీమాతో కలిపి 88 డాలర్లు అయింది. ఆగస్టు 19న ఖాళీ చేసినా నెల 27 వరకు లెక్క గనుక మిగిలిన ఎనిమిది రోజుల డబ్బు తిరిగి రాలేదు. మొత్తం 242.50 డాలర్లను ముగ్గురం పంచుకుంటే తలా 80 డాలర్ల 83 సెంట్లు, అంటే ఏడు వేల రూపాయల చిల్లర పడింది. గుంటూరు అమ్మాయివి రెండే పెట్టెలు. ఆమె ఎంత చెప్పినా వినకుండా ఆమె నుంచి వాటా తీసుకోలేదు, ఉద్యోగం వచ్చేవరకు ఆమె ప్రతి డాలరూ లెక్క చూసుకోవలసిన రోజులవి.

ఆవరణ నిర్వహణలో లోపం ఎంచడానికి లేదు. మా గది రెండో అంతస్తులో ఉంది. నడవలు శుభ్రంగా ఉన్నాయి, మనిషి అలికిడికి దీపాలు వాటంతట అవే వెలుగుతాయి, ప్రతి మలుపులోనూ కెమెరా ఉంది. గేటు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెరుచుకుంటుంది. లిఫ్టు పెద్దది, పరుపు నిలువుగా పట్టింది. కాని సామాను తోసుకుపోయే బండ్లు భవనం మొత్తానికి రెండే ఉన్నాయి. మే నెలాఖరు వారంలో ఊళ్లోని విద్యార్థులంతా ఒకేసారి వస్తారని ఆ యాజమాన్యానికి తెలియకుండా ఉండదు. మేము వెళ్లిన రోజున ఒక్కో బండి కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాం. గంటల లెక్కన తీసుకున్న అద్దె ట్రక్కు కింద ఎదురుచూస్తుండగా అలా నిలబడటం చాలా కష్టమనిపించింది.

ఒప్పందంలోని నిషిద్ధ వస్తువుల జాబితా చదివినప్పుడు మాకు అసలైన కష్టం ఎదురైంది. తినే పదార్థం ఏదీ గదిలో ఉంచకూడదు. ఎలుకలూ చీమలూ పురుగులూ ఒక గదికి వస్తే వరుసలోని గదులన్నిటికీ పాకుతాయి గనుక ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. అయితే తెలుగు అమ్మాయిలు నలుగురున్న ఇంట్లో మే నెలాఖరుకు ఏమేమి మిగులుతాయో ఊహించుకోవచ్చు. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలో సగం, కందిపప్పు, చింతపండు, కంది పొడి, నువ్వుల పొడి, కారప్పొడి, అన్నింటినీ మించి గత వేసవిలో మా అమ్మ పెట్టి, నా సామానుతో పంపిన ఆవకాయలో అడుగున మిగిలిన పావు వంతు. ఏడాదిపాటు పరీక్షల రాత్రుల్లో వేడి అన్నంలో కలుపుకొని తిన్న ఆ ఆవకాయను చెత్తబుట్టలో వేయడానికి నాకు చేయి రాలేదు. కాకినాడ అమ్మాయి తన వాటా అడగకుండానే బియ్యమూ పప్పులూ పచ్చళ్లూ అన్నీ సీనియర్ అక్క ఇంటికి తీసుకుపోయింది. తెరవని పప్పుల పొట్లాలను విశ్వవిద్యాలయం నడిపే ఆహార పంపిణీ కేంద్రానికి ఇచ్చాం. సెమిస్టర్ చివర్లో అక్కడికి సరుకుల అవసరం ఉన్న విద్యార్థులు చాలామంది వస్తారు.

వంటపాత్రలను పెట్టెల్లో పెట్టేటప్పుడు కూడా శ్రద్ధ అవసరం. ఇంటి నుంచి తెచ్చుకున్న ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ రేకులు, పోపు గరిటె బాగా కడిగి, ఎండబెట్టి, పాత వార్తాపత్రికల్లో చుట్టాం. కుక్కర్ మూతను బిగించకుండా గాస్కెట్ విడిగా తీసి ఉంచాం. మసాలా వాసన పట్టిన మిక్సీ జార్లను నిమ్మచెక్కతో రుద్ది ఒక రోజంతా ఎండలో ఆరబెట్టిన తరువాతే సర్దాం. పరుపులకు జిప్పు ఉన్న ప్లాస్టిక్ తొడుగులు వేశాం. ప్రతి పెట్టె మీద రెండు పక్కలా తెలుగులో పేరు, లోపల ఉన్నవాటి వివరం రాశాం. పాస్‌పోర్టు, ఐ-20, సోషల్ సెక్యూరిటీ కార్డు, మార్కుల పత్రాలు, బంగారం, నగదు ఏ పరిస్థితిలోనూ ఇటువంటి గదుల్లో పెట్టకూడదు. మేము తీసుకున్న బీమాలో నగదుకూ పత్రాలకూ నగలకూ రక్షణ లేదు, బల్ల పోతే మరొకటి కొనుక్కోవచ్చు గాని ఐ-20 లేకుండా డాలస్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ముందు నిలబడటం ఎవరికీ వద్దు. నేను బయలుదేరే ముందు ఐ-20 రెండో పేజీ మీద ప్రయాణ సంతకం పెట్టించుకొని, దాన్ని చేతిసంచిలోనే ఉంచుకున్నాను.

ఈ సంస్థ ఇవ్వని సౌకర్యం ఒకటి ఉంది, దాన్ని ముందే తెలుసుకోవాలి. స్టోరేజీ చిరునామాకు పోస్టు తీసుకోరు. మిగతావారికి ఇది చిన్న విషయం కావచ్చు గాని, ఓపీటీ కార్డు కోసం ఎదురుచూసే విద్యార్థికి ప్రాణాధారమైన విషయం. ఇల్లు మారిన పది రోజుల్లోగా కొత్త చిరునామాను విశ్వవిద్యాలయం ద్వారా సెవిస్‌లో నమోదు చేయించాలి. దరఖాస్తు పెండింగులో ఉన్నవారు ఆ దరఖాస్తులు చూసే వలస విభాగమైన యూఎస్‌సీఐఎస్‌కు కూడా చిరునామా మార్పు తెలియజేయాలి. పోస్టాఫీసులో చిరునామా మార్పు ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉంటే, పాత ఇంటికి వచ్చిన కార్డు వెనక్కి తిరిగిపోయే ప్రమాదం ఉంది. గుంటూరు అమ్మాయి లీజు ముగియడానికి రెండు వారాల ముందే బాబాయిగారి చిరునామాకు అంతా మార్చుకుంది.

జూన్ మూడో వారంలో జరిగిన ఒక సంఘటన ఈ సేవలోని పెద్ద లోపాన్ని బయటపెట్టింది. సీనియర్ అక్క ఇంట్లో రైస్ కుక్కర్ పాడైంది. మాది గదిలో ఉంది గనుక తెచ్చుకుందామని కాకినాడ అమ్మాయి శనివారం సాయంత్రం అయిదింటికి, పని ముగించుకొని, ఎవరినో కారు అడిగి అక్కడికి వెళ్లింది. గేటు తెరిచే అంకెలు ప్రతి ముప్ఫై రోజులకూ మారతాయని, కొత్తవి రావాలంటే ఒప్పందం మీద ఉన్న ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పాలని మాకు తెలియదు. ఒప్పందం నా పేరు మీద ఉంది. ఖర్చు తగ్గుతుందని ఆ అమెరికా నంబరును నేను వేసవికి తాత్కాలికంగా ఆపించాను. అప్పుడు ఖమ్మంలో ఆదివారం తెల్లవారుజామున మూడున్నర. ఆమె నాకు చేసిన వాట్సాప్ కాల్ నేను చూసుకున్నది ఉదయం ఏడింటికి. ఆదివారం కార్యాలయం తెరవరు. సోమవారం వాళ్ల ఉదయం తొమ్మిదిన్నరకు, అంటే మనకు రాత్రి ఎనిమిదింటికి, నేను ఇంటర్నెట్ కాల్ ద్వారా మాట్లాడగలిగాను.

ఫోన్ ఎత్తిన మేనేజరుగారు చాలా ఓపికగా విన్నారు. నా గుర్తింపు కార్డు నకలు, సంతకం చేసిన ఒక చిన్న అనుమతి లేఖ ఈమెయిల్‌లో పంపమన్నారు. పంపిన అరగంటలోనే కాకినాడ అమ్మాయి పేరును, నంబరును చేర్చారు. ఆ తరువాత ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. ఆ మేనేజరుగారి పట్ల నాకు గౌరవమే ఉంది. కాని ఒప్పందం మూడో పేజీలో అనుమతి పొందిన మరో వ్యక్తి పేరు రాయడానికి ఒక గడి ఉందనీ, అది నింపితే ఏ రుసుమూ లేకుండా ఆ మనిషికి సొంత అంకెలు వస్తాయనీ మాకు ఆ రోజే తెలిసింది. నలుగురు విద్యార్థినులు ఎదురుగా కూర్చొని, ఒకరు దేశం విడిచి వెళ్తున్నామని చెబుతున్నప్పుడు, ఆ గడి సంగతి మొదటి రోజే చెప్పి ఉండవలసింది. రెండు రోజులు కాకినాడ అమ్మాయి గిన్నెలో అన్నం వార్చుకుంది. అదే అత్యవసరమైన పత్రమో మందులో అయి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది.

ఇదే సందర్భంలో మరో జాగ్రత్త చెప్పాలి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లోని 59వ అధ్యాయం ప్రకారం, అద్దె బకాయి పడిన గదిలోని సామాను మీద యజమానికి తాకట్టు హక్కు ఉంటుంది. నోటీసు ఇచ్చి, గడువులోగా చెల్లించకపోతే దాన్ని వేలం వేయవచ్చు. మా ఒప్పందంలో నోటీసులు ఈమెయిల్‌కు పంపడానికి మేము సమ్మతించినట్టు రాసి ఉంది. ఇంటికి వెళ్లిన ఆనందంలో విశ్వవిద్యాలయం ఈమెయిల్ తెరవడం మానేసి, ఆటోపే పెట్టిన కార్డు గడువు ముగిసిందని గమనించకపోతే, ఆగస్టులో తిరిగి వచ్చేసరికి చిక్కుల్లో పడవచ్చు. అందువల్ల ఆటోపేకు నా కార్డు కాకుండా, అమెరికాలోనే ఉన్న వరంగల్ అమ్మాయి కార్డు ఇచ్చాం. ఈ ఏర్పాటు వల్లనే జూలైలో నా బ్యాంకు ఓటీపీలు ఏవీ నాకు అందకపోయినా అద్దె ఆగలేదు.

ఆగస్టు 19న గది తెరిచినప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పడం కష్టం. గాలిలో ఎటువంటి ముక్కిన వాసనా లేదు. పరుపులు వంగిపోలేదు. అట్టపెట్టెల్లో ఒక్కటి కూడా చెమ్మగిల్లలేదు, అడుగున ఉన్న ఒక పెట్టె మాత్రం పైబరువుకు కాస్త నలిగింది, అది మేము పుస్తకాల పెట్టెలను పైన పేర్చడం వల్ల జరిగిన తప్పు. మానిటర్, ప్రింటర్ మొదటిసారే పనిచేశాయి. మేము వదిలిన సందు గుండా లోపలికి వెళ్లి, కాకినాడ అమ్మాయి జూన్‌లో తీసి మళ్లీ పెట్టిన పెట్టెలు కూడా రాసిన పేర్లు బయటికి కనిపించేలా ఉండటంతో గంటన్నరలో ఖాళీ చేయగలిగాం. గుంటూరు అమ్మాయి రెండు పెట్టెలను ఆ సాయంత్రమే న్యూజెర్సీకి పార్సిల్ చేశాం. గది ఊడ్చి, తాళం తీసి, ఫోటోలు తీసి కార్యాలయంలో చూపించాం. ఖాళీ చేసినట్టు రసీదు అడిగి తీసుకున్నాం. ఆ రసీదు అడగకుండా వచ్చేసిన ఒక స్నేహితుడికి మరో సంస్థ ఇంకొక నెల అద్దె వేసింది, దాన్ని తీయించుకోవడానికి అతను వారంపాటు తిరిగాడు.

అయిదుకు ఎన్ని మార్కులని అడిగితే, గది నాణ్యతకూ భద్రతకూ నాలుగున్నర, సిబ్బంది ప్రవర్తనకు నాలుగు, ధర చెప్పే పద్ధతికి రెండు ఇస్తాను. వచ్చే మే నాటికి నా డిగ్రీ పూర్తయి ఉంటుంది, సామాను గది అవసరం పడేది వరంగల్, కాకినాడ అమ్మాయిలకు. వాళ్లిద్దరూ అదే సంస్థలో, అదే పరిమాణం గది తీసుకోవాలనుకుంటున్నారు. ఈసారి ఒప్పందం మీద ఇద్దరి పేర్లూ రాయిస్తారు, తాళం బయట కొంటారు, మే చివరి వారం కాకుండా ఇరవయ్యో తేదీకే సామాను చేరుస్తారు. అప్పుడైతే బిల్లు తేదీ కూడా కొత్త లీజు మొదలయ్యే రోజుకు దగ్గరగా పడుతుంది. నా కుక్కరును, ఇడ్లీ రేకులను వాళ్ల పెట్టెల్లోనే ఉంచమని ఇప్పుడే చెప్పి పెట్టాను.